నాన్న దాచిన గింజలు

నారుమడి ముందు ఇంట్లో మళ్లీ అదే చర్చ: సొంత విత్తనమా, కొన్నదా? నాన్న దాచిన స్వర్ణ వరి గింజలు 100 లెక్కపెట్టి తడి గోనెలో చుట్టాను. మూడో రోజు విప్పితే 91 తెల్లగా మోసులెత్తాయి. ప్రాణం లేచొచ్చింది.

స్వర్ణ అంటే ఎంటీయూ 7029, మన మార్టేరు వరి పరిశోధనా కేంద్రంలో పుట్టిన రకం. సూటి రకం కాబట్టి దాచుకున్నా అదే పంట. హైబ్రిడ్ అయితే ఏటా కొనాల్సిందే. చట్టం కింద నమోదై రక్షణ ఉన్న రకమైనా రైతు దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, బ్రాండ్ పేరుతో తప్ప. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం ఇచ్చిన హక్కిది. చాలామందికి తెలియకపోవడమే నా బాధ.

కానీ నిరుడు మా చేలో కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, పెరిగాయి, అది నిజం. అందుకే ఈసారి మూడెకరాలు నాన్న గింజలు, ఎకరం సర్టిఫైడ్ విత్తనం. వచ్చే ఏటికి ఆ ఎకరంలోంచే దాస్తాం.