వరద సాయం ఫోటోల్లో ముఖాలు బ్లర్ చెయ్యడం: నా పద్ధతి

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే కోనసీమ లంకల్లో బియ్యం, పప్పు, పాల ప్యాకెట్ల పంపిణీ మొదలవుతుంది. దాంతోపాటే ఫోటోలూ. హైదరాబాదు నుంచో అమెరికా నుంచో డబ్బు పంపినవాళ్లకు లెక్క చూపించాలి, అది న్యాయమే. కానీ మొలలోతు నీళ్లలో నిలబడి సంచి అందుకుంటున్న మనిషి ముఖం ఏళ్ల తరబడి ఫేస్‌బుక్‌లో ఉండిపోవడం ఏ లెక్కకూ అక్కర్లేదు. అందుకే ప్రతి ఫోటోనూ బయటికి వదిలేముందు సరిచేస్తాను.

సగం పని ఫోటో తీసేటప్పుడే తేలిపోతుంది. తీసుకునేవాళ్ల వెనక నిలబడి, ఇచ్చేవాళ్ల ముఖాలు పడేలా తియ్యమని కుర్రాళ్లకు పడవ ఎక్కకముందే చెబుతాను. ఇచ్చేవాళ్లకు కనబడాలనే సరదా ఎటూ ఉంటుంది. కెమెరాలో మోషన్ ఫోటో, లొకేషన్ రెండూ ఆపించేస్తాను. మోషన్ ఫోటో అంటే జేపెగ్ ఫైల్ లోపలే చిన్న వీడియో దాగి ఉంటుంది. పైన బొమ్మలో ముఖం చెరిపినా లోపలి వీడియోలో అది చెక్కుచెదరకుండా ఉండిపోవచ్చు.

నాలుగైదు ఫోటోలే అయితే ఫోన్‌లో సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ చాలు. 2020 నుంచి అందులో బ్లర్ మీట ఉంది. ముఖాలు వెతికే పని ఫోన్‌లోనే జరుగుతుంది, ఫోటో ఏ సర్వర్‌కూ వెళ్లదు. ఫోటో తెరిచి బ్లర్ నొక్కితే నేరుగా కెమెరా వైపు చూస్తున్న ముఖాలను తనే పట్టుకుంటుంది. తలగుడ్డ చుట్టుకున్నవాళ్లు, పక్కకి తిరిగినవాళ్లు, గొడుగు నీడలో ఉన్నవాళ్లు, తండ్రి భుజం మీది పిల్లలు తప్పిపోతారు. వాళ్లకి వేలితో రుద్దాలి. ఫోటోని బాగా పెద్దది చేసి, ఎడమ నుంచి కుడికి వరసలు వరసలుగా చూస్తాను. అలా చూస్తేనే వెనక అరుగు మీద కూర్చున్న ముసలమ్మ, గోడకి వేలాడే పెళ్లి ఫోటో కంటబడతాయి. ముఖమంటే కళ్లూ ముక్కూ మాత్రమే కాదు. చెవులు, నుదుటి పైన జుట్టు మొదలయ్యే చోటు, దవడ అన్నీ లోపలికి రావాలి.

ఫోటోలు ఎక్కువైనా, పిల్లలున్నా కంప్యూటర్‌లో గింప్ అనే ఫోటోలు సరిచేసే ప్రోగ్రామ్ వాడతాను. అది ఉచితం. ఇక్కడ నేను పట్టుబట్టే విషయం ఒకటుంది: ముందు రంగు నింపాలి, బ్లర్ ఆ తరవాతే. ఎందుకంటే ఉత్త బ్లర్‌లో అసలు ముఖం తాలూకు సమాచారం ఎంతో కొంత మిగిలిపోతుంది. టెక్సస్ విశ్వవిద్యాలయం (ఆస్టిన్), కార్నెల్ టెక్ పరిశోధకులు 2016లో, గళ్లు చేసిన (పెద్ద పెద్ద చతురస్రాలుగా మార్చిన), మసక చేసిన ముఖాలను కూడా తర్ఫీదిచ్చిన కంప్యూటర్ గుర్తుపట్టగలదని చూపించారు. అంతకుముందు 2007లో ఒక నేరస్థుడు తన ముఖాన్ని సుడి తిప్పి పెట్టిన ఫోటోలను జర్మనీ పోలీసులు వెనక్కి తిప్పేశారు, ఇంటర్‌పోల్ ఆ ముఖాన్ని లోకానికి విడుదల చేసింది. తిప్పినది తిరిగొస్తుంది. రంగు పూసి చెరిపేస్తే వెనక్కి రావడానికి ఏమీ ఉండదు.

ఎలిప్స్ సెలెక్ట్‌తో ముఖం చుట్టూ గీస్తాను. షిఫ్ట్ నొక్కిపట్టి మిగతా ముఖాలనూ కలుపుతాను. ఫెదర్ ఎడ్జెస్ టిక్ తీసెయ్యాలి. అది ఉంటే అంచుల్లో రంగు పలచబడి చెవీ చెంపా తొంగిచూస్తాయి. మెడ దగ్గర రంగు పికర్‌తో తీసుకుని ఎడిట్ మెనూ నుంచి ఫిల్ చేస్తాను. అక్కడితో ఆపితే అట్టముక్క అతికించినట్టుంటుంది. సెలెక్షన్‌ని ఓ 15 పిక్సెళ్లు గ్రో చేసి గాసియన్ బ్లర్ వేస్తే అంచులు కలిసిపోయి మామూలు బ్లర్ లాగే కనబడుతుంది. తొందరలో ఉండి ఉత్త గళ్లతో సరిపెట్టాల్సి వస్తే, ముఖం అడ్డంగా 5 గళ్లకు మించనివ్వను. 200 పిక్సెళ్ల ముఖానికి గడి 40 ఉండాలి. 10 పెడితే 20 గళ్లొస్తాయి, ఫోన్‌ని కాస్త దూరంగా పట్టుకుంటే మనిషి తెలిసిపోతాడు.

రంగు వేరే లేయర్‌లో, అంటే ఫోటో మీద పరిచిన వేరే పొరలో, వేసి ఆ గింప్ ఫైల్‌నే ఎవరికైనా పంపితే పై లేయర్ తీసేసి చూసుకోవచ్చు. జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి. అప్పుడు తెరుచుకునే పెట్టెలో ఎగ్జిఫ్, ఎక్స్‌ఎంపీ (రెండూ ఫోటోతో పాటు ఫైల్‌లో దాగి ఉండే వివరాలు), థంబ్‌నెయిల్ (ఫోటో చిన్న నకలు) టిక్కులు మూడూ తీసెయ్యాలి. ఎగ్జిఫ్‌లో జీపీఎస్ ఉంటే ఫోటో ఏ ఇంటి ముందు తీశారో తెలిసిపోతుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఆ లొకేషన్ పోతుంది, క్వాలిటీ తగ్గుతుందని డాక్యుమెంట్‌గా పంపితే మొత్తం ఉంటుంది. మా కుర్రాళ్లకి ఈ రెండోదే అలవాటు.

ముఖాలు అయ్యాక చేతులు చూస్తాను. పంపిణీలో జనం ఆధార్ కార్డు పట్టుకుని నిలబడతారు. చాలామంది అంకెల మీద నల్లగీత గీసి క్యూఆర్ కోడ్ వదిలేస్తారు. పేరు, పుట్టినతేదీ, చిరునామా, ఫోటో ఆ కోడ్‌లోనే ఉంటాయి. కార్డు మొత్తం మూసెయ్యాలి, అదీ హైలైటర్‌తో కాదు. హైలైటర్ రంగు ఎన్నిసార్లు పూసినా, బ్రైట్‌నెస్ పెంచితే కింద అక్షరాలు తేలొచ్చు. రిజిస్టర్‌లో వేలిముద్రల పేజీని అసలు పెట్టను. కాగితాల మీది ముద్రలతో అచ్చులు చేసి ఆధార్ ఆధారిత చెల్లింపుల్లో సొమ్ము కాజేసిన కేసులు తెలుగునాట జరిగాయి.

ఊరు చిన్నదైతే ముఖం మూసినా లాభం తక్కువ. పడవ మీద రాసిన పేరు, తలుపు నంబరు, ఫలానా రేవు దగ్గర తుమ్మచెట్టు చాలు, పక్కూరివాళ్లు ఇట్టే చెప్పేస్తారు. ఫోటో కింద రాసే మాటల్లో పేట పేరు, కులం, ఇంటిపేరు లేకుండా చూస్తాను. ‘పి.గన్నవరం మండలంలో ఒక లంక’ అంటే దాతకు సరిపోతుంది.

పెట్టే ముందు తుది ఫైల్‌ని వేరే ఫోన్‌లో తెరిచి చూస్తాను. కొన్ని ఫోన్ల గ్యాలరీలో రివర్ట్ అని ఉంటుంది, నొక్కితే చెరిపిన ముఖం తిరిగొస్తుంది. అలాంటి ఫోన్‌లో సరిచేసిన ఫోటోని మళ్లీ స్క్రీన్‌షాట్ తీసి దాన్నే వాడితే మేలు, స్పష్టత తగ్గినా సరే. అసలు ఫోటోలు వాట్సాప్ గ్రూపులో వెయ్యనివ్వను, అందరి గ్యాలరీల్లోకీ దిగిపోతాయి. ఒక్క మనిషికే పంపాలి, లెక్కలు ముగిశాక ఆ ఫోల్డర్‌నీ, ట్రాష్‌నీ, క్లౌడ్ బ్యాకప్‌నీ మూడింటినీ ఖాళీ చెయ్యాలి.