విన్సెంట్ స్క్వేర్ దాత

లండన్‌లోని విన్సెంట్ స్క్వేర్‌లో పాకశాస్త్రం చదివిన తెలుగువాళ్లం వేసుకుంటున్న ఈ సంచికలో గురువుల గురించీ, తెల్లవారుజామున ఉల్లిపాయలు తరిగిన రోజుల గురించీ రాసేవారు చాలామందే ఉంటారు కనుక, 1893లో ఆ చోట వెస్ట్‌మినిస్టర్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పిన ఏంజెలా బర్డెట్ కూట్స్ గురించి రాసే పని నేను తీసుకున్నాను. వంట నేర్చుకోవడానికి సీమకు పోవాలా అని మా మేనత్త అప్పట్లో అడిగిన ప్రశ్నకు నాకు సరైన జవాబు దొరికింది కూడా ఆమె జీవితంలోనే.

ఏంజెలా 1814 ఏప్రిల్ 21న లండన్‌లో పుట్టారు. తండ్రి సర్ ఫ్రాన్సిస్ బర్డెట్ మూడు దశాబ్దాలు పార్లమెంటులో వెస్ట్‌మినిస్టర్‌కు ప్రతినిధిగా ఉన్న సంస్కరణవాది. తల్లి సోఫియా, పేరుమోసిన బ్యాంకు యజమాని థామస్ కూట్స్ కూతురు. ఆ తాతగారు మలివయసులో హారియట్ మెలన్ అనే నటిని రెండో పెళ్లి చేసుకుని, 1822లో పోతూ యావదాస్తినీ ఆమెకే రాశారు. హారియట్ తరవాత ఒక డ్యూక్‌ను పెళ్లాడినా, 1837లో కన్నుమూసేటప్పుడు కూట్స్ సొమ్ము కూట్స్ వంశానికే చెందాలని తలచి, మనవలలో అందరికన్నా చిన్నదైన ఏంజెలాకు సుమారు 18 లక్షల పౌండ్ల ఆస్తిని దక్కేటట్టు చేశారు. ఆ బంగారాన్ని మోయాలంటే, మనిషికో పిండి మూటంత బరువు చొప్పున 107 మంది కావాలని ఒక పత్రిక లెక్క కట్టింది. కూట్స్ పేరు ధరించాలనీ, పరదేశిని పెళ్లాడితే ఆస్తి పోతుందనీ వీలునామాలో షరతులున్నాయి. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు.

ఆమె దానాలు ఆఫ్రికా నుంచి తుర్కీ దాకా వెళ్లినా, మనసు పెట్టి దగ్గరుండి చూసుకున్నవి మాత్రం లండన్ పేటలకు చేసినవేనని నా అభిప్రాయం. తండ్రి జ్ఞాపకార్థం రోచెస్టర్ రోలో సెయింట్ స్టీఫెన్స్ చర్చినీ, దాని పక్కనే బడినీ కట్టించారు. మా వంటశాల నుంచి నడిస్తే కొద్ది నిమిషాల దూరమే. అప్పట్లో అది లండన్‌లోని అతి నిరుపేద వాడలకు ఆనుకుని ఉన్న ప్రాంతం.

వంటవాళ్లమైన మనకు ఇంకా దగ్గరగా తోచేది ఆమె వైట్‌ల్యాండ్స్ శిక్షణ కళాశాలలో చేసిన పని. ఉపాధ్యాయినులు కాబోయే ఆడపిల్లలు పుస్తకాల చదువుతో పాటు వంట, కుట్టు, ఇంటి ఖర్చు వంటి నిత్యావసర విషయాలలో కూడా ఆరితేరాలని 1850లలో బహుమతులు పెట్టి, ఆ వివరాలను పుస్తకంగా అచ్చు వేయించారు. పొయ్యి ముందు చేసే పనికి బడిలో పరీక్ష పెట్టవచ్చునని, అదీ దేశంలోకెల్లా సంపన్నురాలైన స్త్రీ, అంత కాలం కిందట తలపోయడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ఆమెకు దానాలలో సలహాదారు. వీధిపాలైన, జైలు నుంచి వచ్చిన ఆడపిల్లల కోసం ఇద్దరూ కలిసి 1847లో షెపర్డ్స్ బుష్‌లో యురేనియా కాటేజ్ తెరిచారు. డబ్బు ఆమెది, నిర్వహణ ఆయనది. అక్కడ రొట్టె కాల్చడం, వండడం, ఉతకడం నేర్పి, కొత్త జీవితం కోసం ఆస్ట్రేలియా వంటి వలస దేశాలకు పంపేవారు. ఆ పిల్లలకు ఆమె ఎంచిన గుడ్డ మరీ వెలవెలబోతోందనీ, వాళ్లకు రంగు కావాలనీ డికెన్స్ ఆమెతో వాదించారు. ఈ ఒక్క విషయంలో నేను పూర్తిగా డికెన్స్ పక్షం.

అన్నీ నెగ్గలేదు. తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్‌లో పేద కుటుంబాలకు ఇళ్లు కట్టించిన ఏంజెలా, వారికి మంచి సరుకు సరసమైన ధరకు దొరకాలని పక్కనే సుమారు రెండు లక్షల పౌండ్లతో కొలంబియా మార్కెట్ కట్టించి 1869లో తెరిచారు. చూడటానికి అది పెద్ద దేవాలయంలా ఉండేది. అయితే తోపుడు బండ్లవాళ్లు వీధి వదిలి లోపలికి రాలేదు. పాత మార్కెట్ల టోకు వ్యాపారులు దాన్ని బతకనివ్వలేదు. కూరగాయల బేరం గోపురాల కింద సాగదని కూరలు కొనే ఏ వంటమనిషి అయినా ముందే చెప్పి ఉండేవాడు. కట్టడాన్ని ఆ తరవాత పడగొట్టేశారు. ఆ పేరున్న కొలంబియా రోడ్డులో మాత్రం ఆదివారాలు పూల సంత కిటకిటలాడుతూనే ఉంది.

1871లో విక్టోరియా రాణి ఆమెకు బారనెస్ బిరుదు ఇచ్చారు. మరుసటి ఏడు లండన్ నగరం తన ఫ్రీడమ్ గౌరవాన్ని మొదటిసారి ఒక స్త్రీకి, ఈమెకే, ఇచ్చింది. ఇంత మర్యాద సంపాదించుకున్న మనిషి 1881లో, తన 66వ ఏట, తన కార్యదర్శి అయిన 29 ఏళ్ల విలియం ఆష్‌మీడ్ బార్ట్‌లెట్‌ను పెళ్లాడి దేశాన్ని ఉలిక్కిపడేట్టు చేశారు. అతడు అమెరికాలో పుట్టినవాడు కావడంతో వీలునామా షరతు అడ్డుతగిలి, ఆదాయంలో ఐదింట మూడు వంతులు అక్కగారికి పోయాయి. దానాలు తగ్గాయి గాని ఆగలేదు; మన ఇన్‌స్టిట్యూట్ ఆ తగ్గిన రాబడి కాలంలో పుట్టినదే. పాత వైభవంలో కట్టిన మార్కెట్ నేలమట్టమై, చేయి కుదించుకున్న రోజుల్లో పెట్టిన బడి నిలబడటాన్ని నేను యాదృచ్ఛికమనుకోను. మార్కెట్ కొనుగోలుదారుల కోసం ఎదురుచూసింది. పని నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్లకు ఆ పేటలో ఎన్నడూ కొదవ లేదు.

ఆమె 1906 డిసెంబరు 30న మరణించారు. వెస్ట్‌మినిస్టర్ అబేలో ఖననం చేశారు. మన ఇన్‌స్టిట్యూట్‌లో వంట విద్య మొదలైనది 1910లో, అంటే ఆమె దాన్ని చూడలేదు. విద్యార్థులే వండి వడ్డించే మన కళాశాల భోజనశాల విన్సెంట్ రూమ్స్‌లో బయటి అతిథులకు మనం భయంభయంగా వడ్డించిన మొదటి భోజనానికి వెనక వైట్‌ల్యాండ్స్ బహుమతులు కూడా కొంత ఉన్నాయని మా మేనత్తకు చెప్పాను. అయితే ఆవిడ దగ్గర పప్పుచారు పోపు పరీక్ష మాత్రం నేను ఇంకా ప్యాసు కాలేదు.