ఎడమ బర్నర్: ఆరో ఆదివారం, ఇంకా పదకొండు కన్నాలు

మా గ్యాస్ స్టవ్ ఎడమ బర్నర్ పసుపు మంటని బాగుచేయాలని ఆరు ఆదివారాలుగా తంటాలు పడుతున్నాను. ఇవాళ పొద్దున పాలగిన్నె దించి తిరగేసి చూశాను. అడుగున మళ్ళీ మసి. వేలితో రాస్తే నల్లగా అంటుకుంది. కిందటి ఆదివారం మూడు గంటలు నేలమీద కూర్చుని పనిచేశాక కూడా ఇదీ పరిస్థితి. నిజంగా ఏడుపొచ్చింది. కాకపోతే ఇదివరకటిలా అడుగంతా నల్లబడలేదు, ఒక పక్కన మాత్రం నెలవంకలా ఉంది. ఇవాళంతా ఆ నెలవంక వెంటే పడ్డాను.

మిగతా స్టవ్‌ల సంగతి ముందు చెప్పేస్తాను. చెల్లి వాళ్ళది అయిపోయింది. ఏడాదిగా వాడక మూలన పెట్టిన స్టవ్ అది, మిక్సింగ్ ట్యూబులో (గ్యాసూ గాలీ కలిసి బర్నర్‌కి వెళ్ళే గొట్టం) కందిరీగ మట్టిగూడు కట్టుకుంది, తీసేశాక చక్కగా మండుతోంది. పక్కింటి పిన్నిగారి స్టవ్ నాబ్ బిగుసుకుపోతే వాల్వుకి గ్రీజు పెట్టాను, ఇప్పుడు రెండు వేళ్ళతో తిరుగుతోంది. గ్రీజు మాత్రం గ్యాస్ వాల్వుల కోసం అమ్మేదే కొనండి, వంటనూనె పూస్తే వేడికి జిగురై మళ్ళీ పట్టేస్తుంది. మా ఇంట్లో సిలిండర్ నుంచి స్టవ్‌కి వచ్చే నారింజరంగు రబ్బరు ట్యూబు కూడా మార్చాను, మీద అచ్చువేసిన తేదీ చూస్తే ఐదేళ్ళు దాటిపోయింది.

ఇక మా స్టవ్. రెండు పొయ్యిల స్టీలు స్టవ్, పదకొండేళ్ళది, ఇత్తడి బర్నర్లు, రెండూ ఒకే సైజు. కుడివైపు మంట నీలంగా, నిలకడగా ఉంటుంది. ఎడమవైపు సిమ్‌లో బాగానే ఉంటుంది కానీ పెద్దమంట పెట్టగానే కొసలు పసుపెక్కి ఊగుతాయి. మొదటి ఆదివారం లెక్కపెట్టాను: బర్నర్ అంచున 60 కన్నాలుంటే 32 కన్నాల దగ్గర పసుపు. లీటరు నీళ్ళు అదే గిన్నెలో, అదే మూతతో పెడితే కుడివైపు 4 నిమిషాల 50 సెకన్లలో తెర్లాయి, ఎడమవైపు 7 నిమిషాల 10 సెకన్లు పట్టింది. రెంటికీ గ్యాస్ ఒకే సిలిండర్ నుంచి, ఒకే రెగ్యులేటర్ ద్వారా వస్తోంది కాబట్టి తప్పు వాటిది కాదని అప్పుడే తేలిపోయింది.

బర్నర్ మూత మీదే అందరికీ మొదటి అనుమానం వస్తుంది, నాకూ వచ్చింది. అన్నం పొంగి గంజి కారేది ఎప్పుడూ ఎడమవైపే. చింతపండు రసంలో నానబెట్టి టూత్‌బ్రష్‌తో తోమాను. ఇక్కడ ఒక మాట. రాత్రంతా నానబెట్టమని చాలామంది చెబుతారు, నేను ఒప్పుకోను. మొదటిసారి అలాగే చేస్తే పొద్దునకి ఇత్తడి గులాబీరంగుకి తిరిగింది. పులుపుకి ఇత్తడిలోని జింకు కరిగి, పైన రాగి మిగిలిపోతుంది. ముప్పావుగంట చాలు. పీతాంబరి అంటే నాకు ఇష్టం, పూజ సామాన్లకి దాన్ని మించింది లేదు, కానీ ఏ పొడినీ బర్నర్‌కి వాడను. కన్నాల్లో చేరిన పొడిని తీయడం ఇంకో పని. అల్యూమినియం బర్నర్లున్నవాళ్ళు వంటసోడా జోలికి వెళ్ళకండి, నల్లబడిపోతాయి.

సోడా గురించి ఎందుకు చెబుతున్నానంటే, రెండో ఆదివారం అది నన్ను పూర్తిగా దారి తప్పించింది. గంజి పెంకు ఊడాలని ఆ బర్నర్‌ని సోడా నీళ్ళలో ఉడికించాను. ఆరబెట్టి వెలిగిస్తే మంటంతా నారింజరంగు! అసలు కంటే అధ్వాన్నం చేశానని గంటసేపు టెన్షన్ పడ్డాను. తర్వాత తట్టింది. సోడాలో సోడియం ఉంటుంది, చిటికెడు ఉప్పు మంటలో వేసినా అదే రంగు వస్తుంది. మాది విశాఖ, సముద్రానికి దగ్గర. గాలి జోరుగా వీచిన రోజుల్లో కుడివైపు నీలం మంటలో కూడా అక్కడక్కడా నారింజ చుక్కలు మెరుస్తుంటాయి. అదీ ఉప్పు పనే అనుకుంటున్నాను. అంటే పసుపురంగు రెండు రకాలు. తేడా తెలుసుకోవడానికి ఒక స్టీలు గరిటె చాలు. చల్లటి గరిటెని మంట కొసలో పది సెకన్లు పట్టుకుని తీయాలి. సోడా వల్ల వచ్చిన పసుపైతే గరిటె శుభ్రంగా వస్తుంది. గాలి చాలక వచ్చిన పసుపైతే నల్లటి పొర కడుతుంది. ఇరవై నిమిషాలు మండాక నారింజరంగు దానంతటదే పోయింది, పాత పసుపు మాత్రం అలాగే ఉంది, గరిటె నల్లబడింది. ఇది మసి ఒక్కటే కాదు, గ్యాస్ పూర్తిగా మండడం లేదని అర్థం. కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది, అందుకే ఈ ఆరు వారాలూ వంటింటి కిటికీ తెరిచే ఉంచుతున్నాం.

మూడో ఆదివారం రెండు బర్నర్లనీ అటుదిటు మార్చాను. పసుపు ఎడమవైపే ఉండిపోయింది. అంటే బర్నర్‌ది తప్పు కాదు. నాలుగో ఆదివారం జెట్లు, అంటే వాల్వు కొసన గ్యాస్ చిమ్మే సన్న కన్నమున్న ఇత్తడి ముక్కలు, అటుదిటు మార్చాను. అప్పుడూ ఎడమవైపే. జెట్‌ని నేను పిన్నుతో పొడవను, పొడవనివ్వను కూడా. ఇత్తడి మెత్తన, ఒకసారి కన్నం పెద్దదైతే గ్యాస్ ఎక్కువొచ్చి మంట శాశ్వతంగా పసుపెక్కుతుంది. టూత్‌బ్రష్ పోగు ఒకటి పీకి దూర్చితే చాలు. "కొంచెం పెద్దది చేస్తే మంట బాగా వస్తదండీ" అన్న రిపేరు అతనికి కూడా ఇదే చెప్పాను. పైపు గ్యాస్ ప్రెషర్ తక్కువ కాబట్టి దానికి పెద్ద కన్నం జెట్ పెడతారు. సిలిండర్ గ్యాస్‌కి అలాంటి జెట్ పనికిరాదు.

ఐదో ఆదివారం స్టవ్‌ని దుప్పటి మీద బోర్లా తిప్పి టార్చి వేసి చూశాను. అప్పుడు కనిపించింది. ఎడమ మిక్సింగ్ ట్యూబుని పట్టుకునే పట్టీ స్క్రూ ఒకటి తుప్పు పట్టి తల ఊడిపోయింది. ట్యూబు ఒక పక్కకి ఒరిగింది. జెట్ నుంచి దూసుకొచ్చే గ్యాసే చుట్టూ ఉన్న గాలిని లోపలికి లాక్కెళ్ళాలి. అది ట్యూబు నడిమధ్యన పోకుండా గోడకి తగిలితే గాలి సరిగా లాగదు. సన్న కొలతలు తీసే వెర్నియర్‌తో కొలిచాను. ట్యూబు మూతి లోపలి వెడల్పు 18 మిల్లీమీటర్లు, జెట్ 8. కుడివైపు జెట్‌కి పైన 5, కింద 5 ఖాళీ ఉంది. ఎడమవైపు ఒక పక్క 3, ఇంకో పక్క 7. నడిమధ్య నుంచి రెండు మిల్లీమీటర్లు పక్కకి! పట్టీ కింద వాషర్లు పెట్టి, కొత్త స్టీలు స్క్రూ బిగించి, 5-5కి తెచ్చాను. సబ్బునీళ్ళతో ప్రతి జాయింటూ చూసుకుని వెలిగిస్తే 32 కన్నాల పసుపు 11కి దిగింది. నీళ్ళు 5 నిమిషాల 35 సెకన్లలో తెర్లాయి. ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు.

కానీ ఆ పదకొండు కన్నాలు కదలనంటున్నాయి. అన్నీ ఒకేచోట, నాబ్ వైపు, వరసగా ఉన్నాయి. నెలవంక మసి వాటిదే.

ఇవాళ చేసినవి ఇవి. బర్నర్‌ని సగం చుట్టు తిప్పి పెట్టాను, పసుపు నాబ్ వైపే ఉంది. కిటికీ గాలేమోనని స్టవ్‌నే వెనకది ముందుకు తిప్పాను, రబ్బరు ట్యూబు 1.5 మీటర్లది కాబట్టి సరిపోయింది. పసుపు కిటికీ వైపు పోలేదు, స్టవ్‌తోపాటు తిరిగి మళ్ళీ నాబ్ వైపే నిలిచింది. బర్నర్ కూర్చునే గట్టు మీద సన్నని కాగితం పెట్టి చుట్టూ లాగి చూశాను, ఎక్కడా జారలేదు, అంటే సందు లేదు. ఇక మిగిలింది మిక్సింగ్ ట్యూబు వంపు. సీసాలు కడిగే బ్రష్ ఆ వంపు దాకా పోదు. సైకిలు బ్రేకు తీగ కొసని పురి విప్పి, కుచ్చులా చేసి దూర్చాను. బర్నర్ గట్టు వైపు నుంచి తిప్పితే గరగరమంది. స్టవ్ ఎత్తి కుదిపితే కాగితం మీద ఎర్రటి తుప్పు పెళ్ళలు రాలాయి, సగం చెంచా ఉంటాయి. ఒక పెళ్ళ గోరంత ఉంది, ఒక వైపు నున్నగా, ఇంకో వైపు గరుగ్గా. దాని అంచున గంజి గట్టిపడిన తెల్లటి గీత కూడా ఉంది. పొంగిన గంజి లోపలికి దిగి, తడికి తుప్పు పుట్టించి, ఆ తుప్పు పొరలుగా లేచిందని నా ఊహ. ఉప్పుగాలి ఊళ్ళో ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది.

మళ్ళీ బిగించి వెలిగించాను. పదకొండే! ఒక్కటీ తగ్గలేదు. నీళ్ళు మాత్రం 5 నిమిషాల 20 సెకన్లకి వచ్చాయి, అది తేడా కిందకి వస్తుందో రాదో చెప్పలేను, ఇంకో మూడుసార్లు పెట్టి చూడాలి.

నాకిప్పుడు రెండు అనుమానాలున్నాయి. ఒకటి, వంపు లోపలి మలుపులో ఇంకా ఒక పెళ్ళ అతుక్కుని ఉండటం. రెండోది, వాల్వు కొంచెం వంగి, జెట్ మూతి మధ్యలోనే ఉన్నా దాని చూపు పక్కకి ఉండటం. రెండో దాని మీదే నాకు ఎక్కువ గురి. ఎందుకంటే 5-5 కొలిచింది జెట్ కొస దగ్గరే, అది ఏ దిక్కుకి చూస్తోందో కొలవలేదు. కొబ్బరి ఈనె ఒకటి సన్నగా చెక్కి జెట్ కన్నంలో నిలబెడితే వంపు తెలుస్తుంది. అంత సన్నగా చెక్కడం ఇవాళ కుదరలేదు, మూడు విరిగాయి. గిటారు సన్నతీగ ముక్కైతే నిటారుగా నిలుస్తుందేమో, తమ్ముడి దగ్గర పాత తీగలున్నాయి, అడిగాను.

రెండు అనుమానాలూ ఒకేసారి తేలాలంటే కుడి ట్యూబు ఎడమకీ ఎడమది కుడికీ మార్చాలి. పసుపు ట్యూబుతోపాటు కుడికి వెళితే తుప్పు, ఎడమనే ఉంటే వాల్వు. ఇవాళే చేసేవాణ్ణి, కానీ కుడి ట్యూబు పట్టీ స్క్రూలలో ఒకదాని గాడి అరిగిపోయింది, స్క్రూడ్రైవర్ పట్టడం లేదు. డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేశాను. నాకు తెలిసి పట్టేసిన స్క్రూలకి దాన్ని మించింది లేదు, కానీ ఆ స్ప్రే మంటంటుకునే రకం, పూర్తిగా తుడిచి ఆరేదాకా స్టవ్ వెలిగించకూడదు. ఈ రాత్రికి పక్కింటి పిన్నిగారింట్లో భోజనం.

బుధవారం పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి చిన్న హ్యాక్సా బ్లేడూ, ఆ సైజు స్టీలు స్క్రూలు అరడజనూ తేవాలి. బ్లేడుతో స్క్రూ తల మీద కొత్త గాడి కోస్తే తిరుగుతుందని నమ్మకం. తిరిగితే వచ్చే ఆదివారం ట్యూబులు మారతాయి.