పిల్లిపిల్ల రాకముందే మొక్కలు చూసుకున్నాం

ఇంటికి పిల్లిపిల్లను తేవాలనుకున్నాక, ముందు మేడమీదా బాల్కనీలోనూ ఉన్న ప్రతి మొక్కా పిల్లికి విషమా కాదా తేలాలని పట్టుబట్టాను. పేర్లు రాసి పంపుతానంటే పశువైద్యురాలు వద్దన్నారు. ఆకూ పువ్వూ కనబడేలా ఫొటోలు పంపమన్నారు. ఆ జాగ్రత్త ఎందుకో లిల్లీల దగ్గర తెలిసింది.

పూలబజారులో మనం లిల్లీలని కొనే నేలసంపెంగలు పిల్లుల ప్రాణం తీసే ఆ లిల్లీలు కావు. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల అసలు లిల్లీలే ప్రాణాంతకం. ఆకు కొరికినా, ఒంటికంటిన పుప్పొడిని నాకినా, చివరికి పూలు పెట్టిన జాడీలో నీళ్లు తాగినా చాలు, ఒకటి నుంచి మూడు రోజుల్లో పిల్లి మూత్రపిండాలు పాడవుతాయి. అందుకే మా ఇంటికి వచ్చేవాళ్లకు బొకేలు తేవద్దని ముందే ఫోనులో చెబుతున్నాను. ఇందులో మొహమాటానికి తావు లేదు.

మిగతావాటిలో నోరు మండించేవి వేరు, ప్రాణం తీసేవి వేరు అని ఆవిడ విడదీసి చెప్పారు. మనీ ప్లాంటు, డిఫెన్‌బేకియా, పీస్ లిల్లీ నోరు మండిస్తాయి. వాటిలోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా గుచ్చుకుని చొంగ కారుతుంది, నాలుక వాస్తుంది. ఆ మంటకే జంతువులు సాధారణంగా ఇంకో ముక్క ముట్టవు. అయినా పిల్లి ఎక్కలేని చోటు ఇంట్లో ఎక్కడుంది? వాటిని మా చెల్లెలింటికి పంపేశాం.

కష్టమంతా గన్నేరుతోనే వచ్చింది. అమ్మ రోజూ శివుడికి ఆ పూలే పెడుతుంది.

"ఇన్నేళ్లుగా ఉంది, వీధిలో ఆవులు కూడా దాని జోలికి రావు కదరా" అంది.

"పిల్లిపిల్లకు ఆ తెలివి ఉండదమ్మా. కావాలంటే పూలు బజారులో తెస్తాను."

కాసేపాగి తనే అంది: "తెచ్చిన పువ్వు పీట మీంచి కింద పడితే? వద్దులే, చెట్టు గుడి తోటకిచ్చేద్దాం."

గన్నేరు, పచ్చగన్నేరు, అడీనియం ఒకే కుటుంబం మొక్కలు. మూడింటి విషమూ గుండె లయను దెబ్బతీస్తుంది. రాలి ఎండిన గన్నేరాకులోనూ విషం పోదు. అందుకని చెట్టు తీశాక మూలమూలలా ఊడ్చాం. రణపాల కూడా గుండెకు ముప్పే కాబట్టి దాన్నీ ఉంచలేదు.

అపార్టుమెంటు గేటు దగ్గరి సైకస్‌ను తీయించమని మాత్రం చాలాసార్లు అడగాల్సి వస్తోంది. చూడటానికి తాటిజాతిలా ఉన్నా కాదు. మొక్కంతా విషమే, గింజల్లో మరీ ఎక్కువ. కుక్క కాలేయాన్ని చంపేస్తుంది. కింది అంతస్తులో కుక్కపిల్ల ఉందని గుర్తుచేశాక సంఘం వాళ్లు చుట్టూ ఇనుప వల కట్టించారు. నాకైతే అది చాలదు, గింజలు వల దాటి దొర్లుతాయి. ఇంకా అడుగుతూనే ఉన్నాను.

ఖాళీ కుండీల్లో స్పైడర్ ప్లాంటు, బోస్టన్ ఫెర్న్, అరెకా పామ్ పెట్టాం. పూజకు గులాబీలు, మల్లెలు పెంచుతున్నాం. ఫ్రిజ్ తలుపు మీద డాక్టరు నంబరు, దాని కింద ఆవిడ చెప్పిన మాటలు రాసి అంటించాను: ఏదైనా కొరికిందనిపిస్తే లక్షణాల కోసం ఆగకూడదు, ఉప్పునీళ్లు పట్టి కక్కించకూడదు, కొరికిన మొక్క ముక్కను సంచిలో వేసుకుని వెంటనే బయలుదేరాలి.