మూడు గంటలు, మూడు నెలలు

“ఈ మూడు గంటలు గడిచాక, వచ్చినవాళ్లకు ఏం చేయడం వస్తుందమ్మా?” అని నా వర్క్‌షాప్ ప్రతిపాదన మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో రాసి, మా గైడ్ మేడమ్ ఈ సాయంత్రం శ్రీకాకుళంలో నా చేతికిచ్చారు.

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద సదస్సుకు పంపవలసిన ప్రతిపాదన అది. ఆరుగురు వక్తలకు తలా 30 నిమిషాలు పంచేసి, ప్రశ్నలకు ఒక్క నిమిషమైనా మిగల్చలేదు నేను.

పలాస బస్సులో ఆ కాగితం చూస్తూ ఉంటే, కవిటి దగ్గర సర్వేలో కలిసిన కొబ్బరి రైతు గుర్తుకొచ్చాడు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు ఒక్కదాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని, తన పని అయిపోయిందనే అనుకున్నాడు. కిడ్నీల వడపోత రేటు నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తగ్గడమో, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎక్కువగా పోవడమో కనీసం 3 నెలలు కొనసాగితేనే దీర్ఘకాలిక వ్యాధిగా నిర్ధారిస్తారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ బాధ నన్ను ఇంకా వదలలేదు.

ఇంటికి రాగానే వక్తలను ఇద్దరికి తగ్గించాను. పేర్లు తీసేసిన రిపోర్టులను జట్లుగా చదివి, ఎవరికి మళ్లీ పరీక్ష కావాలో వచ్చినవాళ్లే తేల్చాలి. చివరి 40 నిమిషాలు చర్చకే. రేపు ఉదయాన్నే మేడమ్‌కి చూపిస్తాను.