తొలకరి తడిలో జొన్నగిరి

తొలకరి పడిన మూడో రోజు తెల్లవారుజామునే గుత్తి నుంచి బయలుదేరి జొన్నగిరి చేరుకున్నాను. అప్పటికే ఎర్రచేలలో జనం. తలలు వంచుకుని, అడుగు తీసి అడుగు వేస్తూ, ఉలుకూ పలుకూ లేకుండా నడుస్తున్నారు. రాత్రి చెట్ల కిందే పడుకున్నవాళ్లు కొందరు, సద్దిమూటతో వచ్చినవాళ్లు కొందరు. వాన పైమట్టిని కడిగితే అడుగున ఉన్న వజ్రపు రాయి తేలుతుంది. అదే వాళ్ల ఆశ.

ఒక పెద్దామె కొంగుముడి విప్పి, చిక్కుడుగింజంత రాయిని నా అరచేతిలో పెట్టింది.

"చూడు నాయనా, మెరుస్తోంది."

నోటి ఆవిరి పట్టాను. మసక అలాగే నిలిచింది. వజ్రం వేడిని ఇట్టే లాగేస్తుంది కనుక దాని మీద ఆవిరి క్షణంలో విడిపోతుంది. పైగా ఇది ఆరు పలకల ముక్క, పలుగురాయి. ముడి వజ్రం చాలాసార్లు ఎనిమిది ముఖాలతో, రెండు గోపురాలను అడుగులు కలిపి అతికించినట్టు ఉంటుంది. నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. నీటిని అంటనివ్వదు, జిడ్డుకు మాత్రం అతుక్కుంటుంది.

"సుత్తితో కొట్టినా పగలదట కదా?" అంది.

గుండె ఝల్లుమంది. గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు ఓర్చుకోవడం వేరు. గట్టిదనంలో మోస్ కొలమానం మీద వజ్రానిది చిట్టచివరి మెట్టు, 10. అయినా సరైన దిశలో దెబ్బ పడితే నిలువునా చీలిపోతుంది. ఈ నమ్మకానికి ఎన్ని మంచి రాళ్లు బలయ్యాయో! "కొట్టవద్దమ్మా, ఎప్పుడూ కొట్టవద్దు" అని రెండుసార్లు చెప్పాను.

దగ్గరలోనే ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటి ముందు కాసేపు నిలబడి, మధ్యాహ్నానికి వజ్రకరూరు వెళ్లాను.

నేను అసలు చూడాలనుకున్నది ఇక్కడి కింబర్లైట్ శిలనే, భూమి లోతుల నుంచి వజ్రాలను పైకి మోసుకొచ్చే రాయిని. భూమిలో 150 కిలోమీటర్లకు పైగా లోతున, వెయ్యి డిగ్రీల వేడిలో, ఊహకందని ఒత్తిడిలో కర్బనం వజ్రమవుతుంది. దాదాపు 110 కోట్ల ఏళ్ల కిందట ఈ శిలాద్రవం దాన్ని పెకలించుకుని శరవేగంతో పైకి తన్నుకొచ్చింది. మెల్లగా వచ్చి ఉంటే దారిలోనే గ్రాఫైట్‌గా మారిపోయేది. మోసుకొచ్చిన శిల కన్నా లోపలి వజ్రమే పాతది కావచ్చని తలచుకుంటే ఒళ్లు పులకరించింది.

పచ్చబూడిద రంగు పెళ్ల ఒకటి తీసుకుని నలిపాను. మెత్తగా రాలింది. అంతలో చినుకులు మొదలై, అరచేతిలోని పొడి బురదై వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. చివరికి రెండు చిన్న గట్టి పలుకులు మిగిలాయి. వాటి మీదా ఆవిరి పట్టి చూశాను.