డబ్బా టీవీల దగ్గర ఏడాది: ఏది బాగైంది, ఏది మిగిలింది

మా ఇంట్లో పనిచేస్తున్న పిక్చర్ ట్యూబ్ టీవీలు మూడు. హాల్లో 21 అంగుళాల కలర్ టీవీ ఉంది, నాన్నగారు 1998లో కొన్నది. నా గదిలో 14 అంగుళాల చిన్న కలర్ టీవీ. మూడోది మేనమామ ఇంటి నుంచి తెచ్చుకున్న 20 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీ, చెక్క పెట్టెకు పక్కకు జరిపే షట్టర్ ఉన్న రకం. ఫ్లాట్ టీవీ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. ఇవి నడిచినంత కాలం ఇవే చూద్దామని ఇంట్లో అందరం అనుకున్నాం. నడిపించే పూచీ నాది. కిందటి జూన్ నుంచి చేసిన పనంతా ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి టీవీని అటక మీద పెట్టి పారేయలేక చూస్తున్నవాళ్లకు ఈ కొలతలు పనికొస్తాయి.

జూన్: తెర మధ్యలో గీత

రాత్రి వార్తలు చూస్తుండగా 21 అంగుళాల టీవీలో బొమ్మంతా ముడుచుకుపోయి తెర నడిమధ్య ఒక్క తెల్లని అడ్డగీత మిగిలింది. మాట మాత్రం వినిపిస్తూనే ఉంది. ఇలా జరిగితే ముందు చేయవలసింది టీవీ ఆపడం. తెరంతా పరుచుకోవలసిన ఎలక్ట్రాన్ల ధార మొత్తం ఆ ఒక్క గీత మీదే పడుతుంది. అలాగే వదిలేస్తే అక్కడ ధార తగిలి వెలిగే ఫాస్ఫర్ పూత మాడి, ఆ మచ్చ ఇక పోదు.

గీత వచ్చిందంటే ఒక రకంగా ఊరట. హై వోల్టేజీ ఉంది, అడ్డంగా నడిపే భాగం బాగుంది, నిలువుగా నడిపే వర్టికల్ భాగం ఒక్కటే పడుకుంది. వెనక మూత తీసి బోర్డు తిరగేసి భూతద్దంతో చూశాను. వర్టికల్ ఐసీ కాళ్లలో మూడింటి చుట్టూ వెంట్రుకంత సన్నని నల్లటి ఉంగరం కనిపించింది. అదే డ్రై సోల్డర్. ఆ ఐసీ రోజూ వేడెక్కి చల్లారుతుంటుంది. ఇరవై ఏళ్ల పైన అలా సాగీ కుంచించుకునీ కాలి చుట్టూ సీసం పగిలింది. పాత సోల్డర్ మీదే మరో చుక్క వేస్తే కొన్నాళ్లే ఆగుతుంది. పాతదంతా పీల్చేసి, కాళ్లను స్పిరిట్‌తో తుడిచి, కొత్త 60/40 సోల్డర్ పెట్టాను.

బొమ్మ వచ్చింది. కానీ అడుగున రెండు వేళ్ల వెడల్పు నల్లగా ఉండిపోయింది, పైన నాలుగైదు తెల్ల గీతలు మడత పడ్డాయి. అది కెపాసిటర్ల పని. వర్టికల్ భాగంలోని 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీటరు మీద 610 చూపింది, పక్కనున్న 100 మైక్రోఫారడ్‌ది 40 కూడా లేదు. రెండూ మార్చాను. అదే విలువ, అంతే లేదా అంతకన్నా ఎక్కువ వోల్టేజీ, 105 డిగ్రీల రకం తీసుకోవాలి. 85 డిగ్రీలవి హీట్‌సింక్ పక్కన త్వరగా ఎండిపోతాయి. కెపాసిటర్ ఒంటి మీద చార ఉన్న వైపు మైనస్ అని మరచిపోకూడదు. రెండూ కలిపి ముప్పై రూపాయల లోపే అయింది.

మూత తెరిచినప్పుడల్లా నేను కొలిచేది మరొకటి ఉంది, బీ ప్లస్, అంటే పవర్ సప్లై లోపలి భాగాలకు ఇచ్చే ప్రధాన వోల్టేజీ. నా 21 అంగుళాల టీవీకి 110 వోల్టులు ఉండాలని బోర్డు మీదే అచ్చు వేసి ఉంది. ఈసారి 109.6 వచ్చింది. ఇది పెరిగితే ట్యూబుకు వెళ్లే హై వోల్టేజీ కూడా పెరుగుతుంది, ఆ హై వోల్టేజీని తయారుచేసే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. అందుకే బొమ్మ బాగున్నా ఈ కొలత వదలను.

చేయి పెట్టే ముందు

ఈ భాగం దాటవేసి స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. 21 అంగుళాల కలర్ ట్యూబుకు సుమారు 25,000 వోల్టులు వెళ్తాయి. ట్యూబు గాజుకు లోపలా బయటా పూత ఉంటుంది కాబట్టి ట్యూబే ఒక పెద్ద కెపాసిటర్, ప్లగ్ పీకేసిన తరువాత కూడా చార్జి పట్టుకుని ఉంటుంది. పొడవాటి ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవర్‌కు క్లిప్పు తీగ తగిలించి, రెండో కొసను ట్యూబు వెనక చుట్టి ఉండే అల్లిక తీగకు పెడతాను. ఆ తరువాతే, హై వోల్టేజీ తీగ ట్యూబులోకి వెళ్లేచోట ఉండే రబ్బరు టోపీ కిందికి మొన జరుపుతాను. చిటుక్కుమని చప్పుడు వస్తుంది, కొన్నిసార్లు రాదు. అయిదు నిమిషాలు ఆగి మళ్లీ చేయాలి, గాజులో మిగిలిన చార్జి తిరిగి పైకి వస్తుంది. పవర్ సప్లై దగ్గరి పెద్ద కెపాసిటర్ వేరే సంగతి. అందులో 325 వోల్టుల దాకా ఉంటుంది, మీటరు పెట్టి సున్నా చూడనిదే ముట్టుకోకూడదు. ఆన్‌లో ఉండగా కొలవాలంటే టీవీని ఇంటి కరెంటు లైను నుంచి వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడతాను, ఎడమ చేయి జేబులో పెట్టుకుంటాను.

రిపేరు తరువాత మొదటిసారి నేరుగా కరెంటు ఇవ్వను. సిరీస్ బోర్డు ద్వారా ఇస్తాను, అంటే టీవీకి వరుసలో 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి అలాగే ఉంటుంది, టీవీకి హాని జరగదు. అంతా సరిగా ఉంటే ఒకసారి మెరిసి మసకబారుతుంది. కలర్ టీవీకి డీగాస్ కాయిల్ (ఆన్ చేయగానే ట్యూబులోని అయస్కాంతత్వాన్ని పోగొట్టే తీగచుట్ట) ప్లగ్ తీసి పరీక్షించాలి, లేకపోతే అది లాగే కరెంటుకే బల్బు వెలిగి తికమక పెడుతుంది. ఈ అలవాటు నాకు నేర్పింది మా వీధిలో ముప్పై ఏళ్లు టీవీలు బాగుచేసిన మెకానిక్. దుకాణం మూసేశాక కూడా ఫోను చేస్తే, "బాబూ, ముందు బల్బు పెట్టావా?" అనే మొదటి ప్రశ్న వేస్తారు.

ఆగస్టు: వానలు

మాది కాకినాడ. సముద్రపు గాలి, ముసురు కలిస్తే టీవీలోంచి నూనెలో పోపు వేసినట్టు సన్నని చిరచిర వినిపిస్తుంది, ఒక రకమైన ఘాటు వాసన కూడా వస్తుంది. రబ్బరు టోపీ చుట్టూ పేరుకున్న ఉప్పు, దుమ్ము, తేమ మీదుగా హై వోల్టేజీ కారిపోతోందన్న మాట. డిస్చార్జ్ చేసి, టోపీ తీసి, దాని లోపలా గాజు మీదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక రోజంతా ఆరబెట్టాను. గాజు వెనకనున్న నల్లటి పూత మీద మాత్రం తడి బట్ట పెట్టకూడదు, అది ఊడి వస్తుంది. మెత్తటి పొడి కుంచె చాలు. మరునాడు చప్పుడు పోయింది. వానాకాలంలో చూసినా చూడకపోయినా మూడు టీవీలనూ రోజూ ఒక గంట నడుపుతున్నాను. ఆ వేడికి తేమ నిలవదు, బల్లులు కూడా లోపల కాపురం పెట్టవు.

అక్టోబరు: అక్క పెళ్లి క్యాసెట్

ఈ టీవీలను ఎందుకు ఉంచుకున్నామని అడిగేవాళ్లకు నేను చూపించేది ఇదే. 1996లో జరిగిన అక్క పెళ్లి వీహెచ్‌ఎస్ క్యాసెట్ మీద ఉంది. దసరాకు అక్క వచ్చినప్పుడు వీసీఆర్ సిద్ధం చేశాను. హెడ్డును స్పిరిట్ అద్దిన తోలు ముక్కతో శుభ్రం చేశాను. ముక్కను కదలకుండా పట్టుకుని డ్రమ్మును నెమ్మదిగా తిప్పాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. టేపు అంచున తెల్లటి బూజు ఉన్న రెండో క్యాసెట్‌ను అసలు పెట్టలేదు.

ఆ క్యాసెట్‌నే ఒకసారి అక్క వాళ్ల 43 అంగుళాల ఫ్లాట్ టీవీ మీద చూశాం. తలంబ్రాలు పోసేటప్పుడు దోసిలి నుంచి జారిన బియ్యం అంతా ఒక తెల్లని మరకలాగా కనిపించింది, చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలిపోయాయి. మా 21 అంగుళాల దాని మీద అదే దృశ్యంలో పసుపు బియ్యపు గింజలు వేరువేరుగా, మెరుస్తూ రాలాయి. అక్క తెర దగ్గరికి జరిగి కూర్చుని, "తమ్ముడూ, వెనక్కి తిప్పు, నానమ్మ నవ్వుతోంది చూడు" అంది. నానమ్మ ఆ మూలన ఉన్నట్టు అంతకు ముందు మేం గమనించలేదు.

దీనికి కారణం ఉంది. మన దేశపు పాత టీవీ ప్రసారాల పద్ధతి పాల్‌లో బొమ్మకు 625 గీతలు. వాటిని సెకనుకు 50 సార్లు, ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు చొప్పున గీస్తారు. ట్యూబు టీవీ వచ్చిన గీతను వచ్చినట్టే గీస్తుంది, వెలిగిన చుక్క వెంటనే ఆరిపోతుంది, అందుకే కదలిక తేటగా ఉంటుంది. ఫ్లాట్ టీవీ రెండు సగాలనూ కలిపి, సాగదీసి, తన చుక్కల లెక్కకు సర్దుకోవాలి. ఆ సర్దుబాటు బాగా చేయని టీవీలో తలంబ్రాలు మరకవుతాయి. కొత్త సినిమా, హెచ్‌డీ క్రికెట్ ఫ్లాట్ టీవీలోనే బాగుంటాయి, అది కాదనను. మా ఇంట్లో దాచుకున్నవన్నీ ఆ పాత 50 సగాల కాలానివి.

మేనల్లుడి టీవీ వీడియో గేమ్ తుపాకీ కూడా ఇక్కడే పనిచేసింది. మీట నొక్కిన క్షణం తెర నల్లబడి, కొట్టవలసిన బొమ్మ ఉన్నచోట తెల్ల చదరం వెలుగుతుంది. తుపాకీ గొట్టంలోని సెన్సరు ఆ వెలుగును వెంటనే చూడాలి. ఫ్లాట్ టీవీలో ఆ వెలుగు ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఎంత గురి పెట్టినా తగలదు.

డిసెంబరు: కోఠి, పాత సామాన్ల కొట్టు

హైదరాబాద్ వెళ్లిన పని మీద కోఠి గుజరాతీ గల్లీలో సగం రోజు తిరిగాను. 21 అంగుళాల దానికి అదనంగా ఒక ఫ్లైబ్యాక్ కావాలి. ఇప్పుడున్నది బాగానే ఉంది, కానీ అది పోయిన రోజున వెతకడం మొదలుపెడితే దొరకదు. ఫ్లైబ్యాక్ ఒంటి మీది నంబరు ఫొటో తీసుకెళ్లాలి, టీవీ మోడల్ పేరు చెబితే లాభం లేదు. నాలుగో దుకాణంలో అటక మీది నుంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె దించారు, అదే నంబరు. ఫ్లైబ్యాక్‌ను నడిపే హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు రెండు కూడా తీసుకున్నాను.

తిరిగి వచ్చాక ఊళ్లోని పాత సామాన్ల కొట్టుకు వెళ్లాను. విడిభాగాల కోసం చచ్చిన టీవీలు అక్కడే దొరుకుతాయి. ఆ రోజు గోడ వారన పదకొండు టీవీలు ఉన్నాయి, తొమ్మిదింటికి మెడ విరిగి ఉంది. మెడ చుట్టూ ఉండే యోక్‌లో రాగి తీగ ఉంటుంది, దాని కోసం సుత్తితో కొట్టి లాగేస్తారు. గాలి లోపలికి పోగానే ట్యూబు పని అయిపోయినట్టే. మన దేశంలో పిక్చర్ ట్యూబులు చేసిన సామ్‌టెల్, జేసీటీ వంటి కంపెనీలు ఆ పని ఎప్పుడో ఆపేశాయి, కాబట్టి మెడ విరిగిన ఏ ట్యూబుకూ బదులు లేదు. పైగా ఆ గాజులో సీసం ఉంటుంది, అక్కడ పిల్లలు చెప్పులు లేకుండా తిరుగుతున్నారు. నాకు చాలా బాధ కలిగింది. మిగిలిన రెండూ కొన్నాను. ఇకపై టీవీ వస్తే మెడ కొట్టకుండా ముందు నాకు ఫోను చేయమని, రాగి ధర నేనే ఇస్తానని కొట్టు ఆయనకు చెప్పి వచ్చాను. అప్పటి నుంచి మూడుసార్లు ఫోను వచ్చింది.

ఫిబ్రవరి: బ్లాక్ అండ్ వైట్‌కు సిగ్నల్

మేనమామ టీవీ యాంటెన్నా కాలానిది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది, కలర్ ప్రసారాలు 1982లో వచ్చాయి. ఆ కాలపు టీవీకి వెనక యాంటెన్నా సాకెట్ తప్ప పసుపు, ఎరుపు, తెలుపు రంగుల ఏవీ (ఆడియో-వీడియో) సాకెట్లు ఉండవు. దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు దాదాపు అన్నీ మూతపడ్డాయి కాబట్టి డాబా మీది యాంటెన్నా వల్ల ఇక ఉపయోగం లేదు. డీడీ ఫ్రీ డిష్ బాక్సు నుంచి వచ్చే ఏవీ తీగను, దాన్ని యాంటెన్నా సిగ్నల్‌గా మార్చే ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్‌కు ఇచ్చి, మాడ్యులేటర్‌ను యాంటెన్నా సాకెట్‌కు కలిపాను. ట్యూనర్ నాబ్ తిప్పుతుంటే చినుకుల్లాంటి చుక్కల్లోంచి బొమ్మ బయటికి వచ్చింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి షట్టర్ మీద చేయి వేసి నిలబడి చూసింది.

ఇక్కడ రెండు సెట్టింగులు ముఖ్యం. బాక్సులో బొమ్మ ఆకారం 4:3 లెటర్‌బాక్స్ అని పెట్టాలి, లేకపోతే మనుషుల ముఖాలన్నీ కోలగా సాగుతాయి. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే చిన్న పెట్టె వాడితే దాని పక్కనున్న మీటను పాల్ వైపు జరపాలి. ఇది అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ మీద ఉండిపోతే చాలా పాత టీవీల్లో బొమ్మ దొర్లుతుంది లేదా రంగు రాదు.

మిగిలిన పని: 14 అంగుళాల టీవీ

దీని ట్యూబులో ఎరుపు రంగుకు ఎలక్ట్రాన్లు పంపే గన్ బలహీనపడింది, తెలుపు కాస్త నీలిపచ్చగా కనిపిస్తుంది. గన్‌ను వేడిచేసే హీటర్‌కు వెళ్లే 6.3 వోల్టులను పెంచితే కొన్నాళ్లు వెలుగు వస్తుంది, తరువాత ట్యూబే పోతుంది. అందుకే ఆ దారి పట్టలేదు. అన్నట్టు, ఆ 6.3 వోల్టులను మామూలు మీటరుతో కొలవకూడదు. అది ఫ్లైబ్యాక్ నుంచి సెకనుకు 15,625 సార్లు వచ్చే పల్సు, మామూలు మీటరు తప్పు చూపుతుంది. రిమోటుతో సర్వీస్ మెనూలోకి వెళ్లి, ఉన్న విలువలన్నీ ముందు కాగితం మీద రాసుకుని, ఆకుపచ్చ, నీలం డ్రైవ్‌లను కొద్దికొద్దిగా తగ్గించాను. బొమ్మ మొత్తం మీద కాస్త మసకైంది, అన్నం తెల్లగా, చర్మం చర్మంలా కనిపిస్తోంది.

రెండో లోపం ఇంకా ఉంది. ఆన్ చేసిన మొదటి పది నిమిషాలు అక్షరాలు అలుక్కుపోయి, వేడెక్కాక తేటపడతాయి. ఫోకస్ నాబ్ తిప్పితే ఆ పది నిమిషాలకు సరిపోతుంది, తరువాత చెడుతుంది, కాబట్టి తప్పు నాబ్‌ది కాదు. మెడ బోర్డు మీది సాకెట్‌లో ఫోకస్ కాలు దగ్గర పచ్చటి తుప్పు చూశాను, సముద్రపు గాలి అక్కడికీ చేరింది. డిసెంబరులో కొన్న రెండు టీవీల్లో చిన్నదాని మెడ కూడా 22.5 మిల్లీమీటర్లే. 21 అంగుళాల దాని 29 మిల్లీమీటర్ల సాకెట్ దీనికి పట్టదు. చిన్నదాని సాకెట్ విప్పి కాళ్ల లెక్క చూశాను, సరిపోయింది. స్పిరిట్‌లో కడిగి కిటికీలో ఆరబెట్టాను, ఆదివారం పొద్దున బిగించాలి.